రోగముల పేర్లు: చదువుటకు ఆంగ్లము, చెప్పుకొనుటకు తెలుగు

మన సంఘపత్రికలో ప్రతిమాసమును విత్తనములను గూర్చియో, ఎరువులను గూర్చియో, పంట ఋణములను గూర్చియో వ్రాయుట మాకు పరిపాటి. ఈ మాసము ఆ దారి విడిచి రోగముల పేర్లను గూర్చి వ్రాయబూనితిమి. వ్యవసాయ ప్రదర్శకునకు వైద్యముతో పనియేమని కొందఱు చదువరులు శంకింపవచ్చును. మేము వైద్యులము కాము, చికిత్సలు చెప్పబోము. అయినను పైరుకు కొట్టు మందు సీసాపై ఏమి వ్రాసియున్నదో రైతునకు చదివి చెప్పుట మా ఉద్యోగధర్మము. ఆ ధర్మమును మేమొకప్పుడు సగము మాత్రమే నెరవేర్చితిమి. విడిచిన సగము వలన ఒక సంసారము కూలిపోవలసినదే. ఆ సంగతి దాచి మీకు బుద్ధులు చెప్పుట న్యాయము కాదు గనుక మొదట దానినే విన్నవించుచున్నాము.

కొన్ని సంవత్సరముల క్రిందట, మద్దికెరకు చేరువనున్న ఒక గ్రామములో పత్తి పూతకు వచ్చిన దినములవి. ఒక రైతు పురుగుమందు కొని మమ్ము పిలిపించెను. మేము పోయి, సీసా చేతబట్టి, ట్యాంకునకు ఎన్ని మిల్లీలీటర్లు కలుపవలయునో, ఎకరమునకు ఎన్ని ట్యాంకులు పట్టునో వివరముగా చెప్పితిమి. సీసాతోగూడ మడతపెట్టిన కాగితమొకటి యుండెను. అందులో చిన్న యక్షరములతో విషలక్షణములు, ప్రథమ చికిత్స, విరుగుడు అను మూడు భాగములు ఆంగ్లమున అచ్చయి యుండెను. మేమా మడత విప్పలేదు. "దాచిపెట్టుకో అన్నా" అని చెప్పి కాగితమును రైతు చేతికిచ్చి మా దారిని వచ్చితిమి.

మూడవనాడు ఆయన ఉదయము మొదలుకొని ఎండ తిరుగువరకు మందు కొట్టెను. ట్యాంకు కారి వీపంతయు తడిసెను. గాలి ఎదురుగా వీచుచుండెను. సాయంకాలమునకు తల తిరిగినది, వాంతులయినవి, ఒడలంతయు చెమటలు క్రమ్మినవి. ఇంటివారు ఎండ తగిలినదని తలచి మజ్జిగ ఇచ్చిరి. ఆ ఇంట పదవ తరగతి చదివిన కుఱ్ఱవాడొకడు కాగితము విప్పి చూచెను. అతనికి తెలిసిన మాట అందులో ఒకటి కనబడెను: వామిటింగ్. వాంతి చేయింపవలయునని అతడు గ్రహించి చెంబెడు ఉప్పునీరు తెచ్చెను. ఆ వాక్యము సరిగా చదివినచో "డు నాట్ ఇండ్యూస్ వామిటింగ్" అని యుండెను. అనగా బలవంతముగా వాంతి చేయింపవద్దని అర్థము.

ఆ నీటిని త్రోసివేసినది రైతు ఇల్లాలు. ఆమెకు అక్షరము రాదు. "మనిషికి తెలివి సరిగా లేదు, గుటక పడటం లేదు, నీళ్లు పోస్తే ఊపిరి తిరగదు" అని ఆమె కుఱ్ఱవానిని వారించి, ఖాళీ సీసాను కొంగున ముడివేసికొని, పెనిమిటిని ఆసుపత్రికి చేర్చెను. వైద్యుడు "ఏమైందమ్మా?" అని యడిగెను. ఆమె చెప్పిన మాటలు తరువాత మాకు యథాతథముగా తెలిసినవి. "మందు కొట్టి వచ్చినాడు సారూ. ఒళ్లంతా చెమట. నోట్లోంచి చొంగ కారతాంది. కండ్లలో నల్లగుడ్డు ఆవగింజంత అయిపోయింది. కండలు అదరతాండాయి. ఇదిగో ఆ సీసా."

ఇంతకంటె చెప్పవలసినది లేదు. కొన్ని జాతుల పురుగుమందులు ఒంటికెక్కినపుడు, నరము కండరమునకు పంపిన ఆజ్ఞను తరువాత చల్లార్చు పదార్థము పనిచేయదు. అందువలన చెమట, చొంగ, కన్నీరు కట్టలు తెంచుకొని కారును, కంటిపాప ముడుచుకొని ఆవగింజంత యగును, కండరములు అదరును, కడకు ఊపిరి తీయు కండరములే సన్నగిల్లును. ఆమె తన మాటలలో ఈ లక్షణములనే చెప్పినది. వైద్యుడు సీసాపై మందు పేరు చూచి, కంటిపాపలు చూచి, ఆలస్యము లేక అట్రోపిన్ సూదిమందు మొదలుపెట్టెను. రైతు బ్రదికెను.

ఈ కథలో ముగ్గురున్నారు. ఆంగ్లము వచ్చియు కాగితము విప్పనివారము మేము. ఆంగ్లము కొంచెము వచ్చి వాక్యములో ఒక్క మాట మాత్రము పట్టుకొన్నవాడు ఆ కుఱ్ఱవాడు. ఆంగ్లము బొత్తిగా రాక, కన్నది కన్నట్లు తన భాషలో చెప్పినది ఆ తల్లి. ప్రాణము నిలిపినది ఆమె. మిషను పాఠశాలలో మా ఉపాధ్యాయులు దినమునకు పది ఆంగ్లపదములు వ్రాయించి మఱునాడు ఒప్పగించుకొనెడివారు. ఫీవర్, కాఫ్, హెడేక్, వూండ్ అని వల్లించి మార్కులు తెచ్చుకొంటిమి. ఆ పదములు పరీక్షకొఱకే గాని పొరుగువాని ప్రాణముకొఱకు కూడ పనికివచ్చునని మాకు తోచినది ఆనాటి తరువాతనే.

కావున ఈ విషయమై మేము చెప్పదలచినది ఒక్కటే. రోగముల ఆంగ్ల నామములను చదువుటకు నేర్చుకొనుడు. రోగమును చెప్పుకొనుటకు మాత్రము మీ తెలుగునే వాడుడు. ఈ రెండింటిని తారుమారు చేయుట వలననే కీడు కలుగుచున్నది.

సీసాపై చదువవలసినవి

మొదట అక్షరము రాని వారికి కూడ పనికివచ్చు గుర్తు చెప్పెదము. 1968వ సంవత్సరపు పురుగుమందుల చట్టమును, 1971 నాటి నిబంధనలును అనుసరించి ప్రతి సీసాపైనను చతురస్రాకారపు గుర్తు మూలమీద నిలిపినట్లు అచ్చు వేయవలయును. దాని క్రింది సగము రంగు విషపు తీవ్రతను తెలుపును. ఎఱుపు మిక్కిలి ఘోరమైనది. దానిపై పుఱ్ఱెయు ఎముకలును, పాయిజన్ అను మాటయు నుండును. పసుపు దాని తరువాతిది; దానిపైనను పాయిజన్ అనియే యుండును. నీలముపై డేంజర్ అని, ఆకుపచ్చపై కాషన్ అని యుండును. పాయిజన్ అనగా విషము, డేంజర్ అనగా అపాయము, కాషన్ అనగా జాగ్రత్త. ఆకుపచ్చ కనబడినంతనే అది పైరువలె చల్లనిదని భ్రమింపరాదు. అది విషములలో తక్కువ విషమని మాత్రమే అర్థము.

ఇక కాగితములో తఱచుగా కానవచ్చు మాటలు ఇవి. ఇంటిలో చదువుకొన్న పిల్లలచేత వీనిని ఒక అట్టపై వ్రాయించి మందు పెట్టుచోట వ్రేలాడగట్టుడు.

సింప్టమ్స్: రోగలక్షణములు.
హెడేక్: తలనొప్పి.
గిడ్డీనెస్: తల తిరుగుట.
నాసియా: కడుపులో త్రిప్పుట, వాంతి వచ్చునట్లుండుట.
వామిటింగ్: వాంతి.
డయేరియా: భేదులు.
బ్లర్డ్ విజన్: చూపు మసకలగుట.
స్వెటింగ్: చెమట పట్టుట.
సాలివేషన్: నోట చొంగ ఊరుట.
ట్రెమర్స్: వణకు.
కన్వల్షన్స్: ఫిట్సు, కాలుసేతులు కొట్టుకొనుట.
బ్రెత్‌లెస్‌నెస్: ఆయాసము.
ఇరిటేషన్: మంట, దురద.
అన్‌కాన్షస్: స్పృహ లేకుండుట.
ఇన్‌హేల్డ్: గాలితో పీల్చబడినది.
స్వాలోడ్: మింగబడినది.
ఫస్ట్ ఎయిడ్: వైద్యుని చేరులోపల చేయదగిన సహాయము.
యాంటిడోట్: విరుగుడు.

ఈ మాటలన్నిటికంటె చిన్నదియు, అన్నిటికంటె ముఖ్యమైనదియు నగు మాట ఇంకొకటి కలదు. అది నాట్. అనగా వద్దు, కాదు. వాక్యములో నాట్ ఉన్నదో లేదో చూడక మిగిలిన మాటలు చదివినవాడు చదువనివానికంటె అపాయకరుడు. మందు ఒంటిపై బడినచో బట్టలు విప్పి సబ్బుతో కడుగుట, సీసాతోగూడ ఆసుపత్రికి పోవుట, ఇవియే ఇంటిలో చేయదగిన పనులు. ఉప్పునీరు, పేడనీరు త్రాగించుట ఎన్నడును తగదు. వాంతి ఊపిరితిత్తులలోనికి పోయి మనిషి చనిపోవచ్చును.

వైద్యుని చీటిలో చదువవలసినవి

మద్దికెర వారికి అవసరమును బట్టి గుంతకల్లు, పత్తికొండ, ఆదోని, కర్నూలు, బళ్లారి అను ఐదు దిక్కులకు పోవుట యున్నది. బళ్లారిలో కన్నడము వ్రాయుదురు, ఇక్కడ తెలుగు వ్రాయుదుము. ఒక చోట వ్రాసిన చీటి వేఱొక చోట చదువబడవలయునన్న అది ఆంగ్లమున ఉండక తప్పదు. దానిపై కోపగించుటకంటె దాని సంకేతములు నేర్చుకొనుట మేలు.

ఓడీ అనగా దినమునకొకసారి. బీడీ అనగా రెండుసార్లు. టీడీఎస్ అనగా మూడుసార్లు. ఎస్‌ఓఎస్ అనగా అవసరమైనపుడు మాత్రమే. ఏసీ అనగా భోజనమునకు ముందు, పీసీ అనగా భోజనానంతరము, హెచ్‌ఎస్ అనగా పండుకొనునపుడు. ఇవి లాటిన్ భాషలోని మాటలకు పొడి అక్షరములు. దగ్గుతో పోయిన పెద్దాయన యొకడు చీటిలో బీడీ అను అక్షరములను మనుమడు చదువగా విని, "చూస్తివా, డాక్టరే త్రాగమన్నాడు" అని సంతోషించెనని మన ప్రాంతమున ఒక పరిహాసము కలదు. పరిహాసము మాట యట్లుండ, అవసరమైనపుడు వేసికొమ్మన్న నొప్పిబిళ్లను నెలల తరబడి దినమును మింగి మూత్రపిండములు చెడగొట్టుకొనుట పరిహాసము కాదు.

దెబ్బలను గూర్చిన మాటలు కూడ చూడవలసినవే. అబ్రేషన్ అనగా చర్మము ఒరసికొనిపోయిన గాయము. కంట్యూషన్ అనగా కమిలిన దెబ్బ. ల్యాసరేషన్ అనగా చీలిన గాయము. స్ప్రెయిన్ అనగా బెణుకు. డిస్‌లొకేషన్ అనగా కీలు తప్పుట. ఫ్రాక్చర్ అనగా ఎముక విఱుగుట. హెయిర్‌లైన్ అని ముందు చేర్చినచో వెంట్రుకంత సన్నని బీట. బీటయే కదాయని బండి తోలబోయిన అది పూర్తిగా విఱుగవచ్చును.

కొట్లాటలలోను రోడ్డు ప్రమాదములలోను వైద్యుడిచ్చు గాయపు ధ్రువపత్రమున సింపుల్, గ్రీవస్ అను రెండు మాటలలో ఒకటి యుండును. వ్యాజ్యమునకు ఇది కీలకము. సింపుల్ అనగా సామాన్య గాయము. గ్రీవస్ అనగా చట్టము దృష్టిలో తీవ్రగాయము. ఎముక గాని పల్లు గాని విఱిగినను, కీలు తప్పినను అది తీవ్రగాయమే. పూర్వపు శిక్షాస్మృతి ప్రకారము ఇరువది దినములు తీవ్రమైన బాధపడినను, తన పని చేసికొనలేకపోయినను అట్లే యెంచబడెడిది; 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత దానిని పదునైదు దినములకు తగ్గించెను. కావున ఎక్స్‌రే తీయకమునుపే ధ్రువపత్రము వ్రాయించుకొని వచ్చుట తొందరపాటు.

చెప్పుకొనుటకు తెలుగు

ఇంతవరకు చదువుటను గూర్చి వ్రాసితిమి. ఇక చెప్పుకొనుటను గూర్చి. మన పూర్వులు రోగములకు పెట్టిన పేర్లు చాలవఱకు లక్షణములను కండ్లకు గట్టునట్లు చెప్పును. వాంతిభేది యన్నచో ఏమగునో పేరే చెప్పుచున్నది. వడదెబ్బ, చలిజ్వరము, పక్షవాతము, పచ్చకామెర్లు అట్టివే. నారికురుపు అన్నచో నారవంటి పురుగు కురుపునుండి వెడలుట స్ఫురించును. దిగుడుబావులలో దిగి నీరు ముంచుకొనెడి దినములలో ఆ జాడ్యము మన రాష్ట్రమున ఎందఱినో మంచమున బడవేసినది. వడగట్టిన నీటివలనను బోరుబావులవలనను అది తొలగి, 2000వ సంవత్సరమున భారతదేశమంతయు దాని నుండి విముక్తమైనట్లు ప్రకటింపబడెను.

వాంతిభేది మాట వచ్చినది గనుక మన పొరుగున జరిగిన సంగతి యొకటి స్మరింతము. దత్తమండలములకు మొదటి ప్రధాన కలెక్టరై, రైతువారీ పద్ధతికి పేరువడి, తరువాత మద్రాసు గవర్నరైన సర్ థామస్ మన్రో 1827 జూలై 6న పత్తికొండలో ఈ రోగముననే చనిపోయెను. ఆయన దొరలు దానిని కలరా యనిరి, మన రైతులు వాంతిభేది యనిరి. గవర్నరు కొలువులో నేర్చిన వైద్యుల భాషకు కొదువ లేదు. కాని ఆ రోగము త్రాగునీటి ద్వారా వచ్చునని 1854లో లండనులో జాన్ స్నో ఎత్తిచూపువఱకు ఏ భాషవారికిని స్పష్టముగా తెలియదు. పేరు తెలిసినంతమాత్రమున రోగము తెలిసినట్లు కాదు. 1971లో బంగ్లాదేశపు శరణార్థుల శిబిరమున డాక్టరు దిలీప్ మహలనబిస్ ఉప్పును గ్లూకోజును నీట గలిపి త్రాగించి వేలమందిని కాపాడెను. నేడు ఓఆర్‌ఎస్ అను మూడక్షరములతో మనకు దొరకు పొట్లము అదియే. అక్షరములు తెలియకున్నను కొలత తెలియవలయును. పెద్ద పొట్లము ఒక లీటరు నీటికి, చిన్న పొట్లము 200 మిల్లీలీటర్లకు. పెద్ద పొట్లమును ఒక్క గ్లాసులో కలిపి బిడ్డకు పట్టుట కీడు.

ఇట్లు లక్షణములను చెప్పెడి మాటలుండగా, నేడు మనము వానిని విడిచి, అర్ధము సగము తెలిసిన ఆంగ్లపదములతో వైద్యుని యెదుట నిలుచుచున్నాము. వీనిలో మిక్కిలి ప్రమాదకరమైనది గ్యాస్. రొమ్ము బిగబట్టినను గ్యాస్, ఎడమచేయి లాగినను గ్యాస్, దవడ నొప్పిపెట్టి చెమటలు పట్టినను గ్యాసే. సోడా త్రాగి, బిళ్ల మింగి, తెల్లవారనిమ్మని పండుకొని మరల లేవనివారు ప్రతి గ్రామమునను ఉన్నారు. గుండెపోటు లక్షణములు కూడ అవియే. వైద్యునితో "గ్యాస్ పట్టింది సారూ" అనవద్దు. "రొమ్ముమీద బండ పెట్టినట్టుంది, చేయి లాగుతాంది, చెమటలు పడతాండాయి" అనుడు.

రెండవది స్ట్రోక్. ఈ మాటకు దెబ్బ యని అర్థము. సన్‌స్ట్రోక్ అనగా వడదెబ్బ. ఒంటిగా స్ట్రోక్ అన్నచో మెదడునకు రక్తము నిలిచిపోయియో, నాళము చిట్లియో కలుగు పక్షవాతము. మనవారు గుండెపోటును కూడ హార్ట్ స్ట్రోక్ అనుచున్నారు. ఈ మూటికి చికిత్సలు వేఱు. వడదెబ్బకు తక్షణము శరీరమును చల్లబఱచవలయును. మూతి వంకర పోవుట, ఒక చేయి పడిపోవుట, మాట ముద్దయగుట కనబడినచో అది మెదడు సంగతి. గడ్డకట్టిన రక్తమును కరగించు మందు సామాన్యముగా నాలుగున్నర గంటల లోపలనే ఈయదగినది. కావున ఎన్ని గంటలకు మొదలైనదో గడియారము చూచి చెప్పుడు. 'స్ట్రోక్ వచ్చింది' అను మాటకంటె 'పొద్దున ఏడు గంటలప్పుడు గ్లాసు చేతిలోంచి జారిపడింది' అను మాట వైద్యునకు పదిరెట్లు ఉపకరించును.

మూడవది బీపీ. ఇది రోగము పేరు కాదు. రక్తము నాళములపై చేయు ఒత్తిడికి పేరు. అది ప్రాణమున్న ప్రతివానికిని ఉండును. గుండె ముడుచుకొనునప్పటి అంకె పైన, వదలునప్పటి అంకె క్రింద వ్రాయుదురు. పైది 140, క్రిందిది 90 దాటుచు పలుమార్లు కనబడినచో ఎక్కువయని యెంచుదురు. 'బీపీ ఉంది' యనుటకంటె అంకెలు వ్రాసిన చీటి చూపుట మేలు. షుగర్ సంగతియు నట్లే. చక్కెర హెచ్చుట యెంత చెడుగో, మందు వేసికొని అన్నము తినక చేనికి పోయినపుడు అది తగ్గిపోవుట అంతకంటె త్వరగా చెఱచును. వణకు, చెమట, కండ్లు బైర్లు క్రమ్ముట దాని గుర్తులు. మందు కొట్టువానికి ఈ గుర్తులు కనబడినపుడు అది విషమో, చక్కెర తగ్గుటయో చూచినవారికి తెలియదు. కావున "మధుమేహానికి మందు వాడుతాడు, పొద్దుటినుంచి ఏమీ తినలేదు" అని వెంటవచ్చినవారు చెప్పి తీరవలయును.

నాలుగవది పాజిటివ్. మంచియను అర్థమున దీనిని ఎఱిగినవారు 2020లో కరోనా పరీక్షల కాలమున పాజిటివ్ అని విని ఊరడిల్లిన సందర్భములు కలవు. పరీక్షలో పాజిటివ్ అనగా వెదకిన రోగము కనబడినదని. నెగెటివ్ అనగా కనబడలేదని. అట్లే క్రానిక్ అనగా చాలకాలముగా నున్నది. ఎక్యూట్ అనగా క్రొత్తగా, హఠాత్తుగా వచ్చినది. ఈ రెండును కాలమును చెప్పును గాని రోగము చిన్నదో పెద్దదో చెప్పవు.

పాముకాటు

రైతునకు తన భాష ఎంత విలువైనదో పాముకాటు విషయమున తేటపడును. 1796లో పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు కోరమాండల తీరపు పాములను గూర్చి ఆంగ్లమున పెద్ద గ్రంథము ప్రకటించెను. ఆయన విశాఖపట్టణమున నివసించి, తెలుగువారు పిలుచు పేర్లనే ఆ గ్రంథములో వ్రాసికొనెను. ఆయన వ్రాసిన బంగారుపాము అను మాటనుండియే 1803లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దోదాన్ బంగారస్ అను శాస్త్రీయ నామము కల్పించెను. మన కట్లపాము ఆ జాతిలోనిదే. ప్రపంచమందలి శాస్త్రజ్ఞులు నేటికిని ఆ పామును మన తెలుగు మాటతో పిలుచుచుండగా, మనము మన మాట చెప్పుటకు సిగ్గుపడనేల?

కట్లపాము రాత్రివేళ నేలపై పండుకొన్నవారిని కఱచును. నొప్పి అంతగా తెలియదు. గాటు కూడ కనబడకపోవచ్చును. తెల్లవారుసరికి కడుపునొప్పి వచ్చును, కనుఱెప్పలు వ్రాలును, మాట నంగియగును. కల్లములో పండుకొని లేచినవాడు "కడుపులో గ్యాస్" అని చెప్పినచో సగము ప్రొద్దు వ్యర్థమగును. "రాత్రి కల్లంలో నేలమీద పండుకొన్నాను, కండ్లు తెరవబడటం లేదు" అని చెప్పినచో వైద్యుడు వెంటనే గ్రహించును. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అను నాలుగింటి విషమునకును ఒకే విరుగుడు సూదిమందు పనిచేయును. చీటిలో ఏఎస్‌వీ యని వ్రాసినది అదియే. పామును చంపి తేవలసిన పనిలేదు. గాటు కోయుట, గట్టిగా కట్టుకట్టుట, మంత్రమునకై తిరుగుట వలన కాలము పోవును. 2000 మొదలు 2019 వఱకు మన దేశమున పాముకాటుతో పండ్రెండు లక్షలమంది చనిపోయిరని పరిశోధకులు లెక్కగట్టిరి. వారిలో పెక్కుమంది పల్లెలవారు.

మా మనవి

సంఘ సభ్యులకు మూడు మనవులు చేయుచున్నాము. మొదటిది: మందు కొనునపుడు సీసాతోగూడ కాగితమడిగి తీసికొనుడు, పంట ముగియువఱకు దానిని పాఱవేయకుడు. రెండవది: సంఘ కార్యాలయపు గోడపై పైన వ్రాసిన మాటల పట్టికను పెద్ద అక్షరములతో వ్రాయింతము. ఇందుకు అట్ట, రంగు, ఒక పూట శ్రమ చాలును. నెలకొకసారి పాఠశాలలో చదువు పిల్లలు దానిని బిగ్గఱగా చదివి వినిపింతురు గాక. మూడవది: ఆసుపత్రికి పోవునపుడు ఏమైనది, ఎప్పుడు మొదలైనది, అంతకుముందు ఏమి చేసితిరి, ఏ మందులు వాడుచున్నారు అను నాలుగు సంగతులు మీ మాటలలో చెప్పుడు. వైద్యుడు వ్రాసిన మాట తెలియనిచో "దీనర్థం తెలుగులో చెప్పండి సారూ" అని యడుగుడు. అడుగుట అవమానము కాదు. తెలియక తల యూపుటయే అపాయము.

మొన్నటి వానకారున మేము మరల ఆ గ్రామమునకు పోయితిమి. ఆ రైతు చేనిలో కలుపు తీయించుచుండెను. మేము వచ్చితిమని విని ఆయన ఇల్లాలు క్రొత్త సీసాయు, దానితోడి కాగితమును తెచ్చి అరుగుపై పెట్టెను. మేము అలవాటు చొప్పున సీసా అందుకొనబోగా ఆమె కాగితము ముందుకు జరిపి, "సారూ, ఈసారి ఇది మొత్తం చదవండి. మేము వింటాం" అనెను. మేము చివర యక్షరము వఱకు చదివితిమి.